చెక్‌లిస్టు సరే, ఆ అమ్మాయితో ఎవరు మాట్లాడతారు?

నమస్కారం మేడమ్. మీరు ప్రభుత్వ జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తూ, అమ్మాయిల హాస్టల్ బాధ్యత కూడా చూస్తున్నానని, మీ విద్యార్థుల్లో ఆత్మహత్య ప్రమాదం ఎవరికి ఉందో ముందుగా గుర్తించడానికి ఒక చెక్‌లిస్టు కావాలని అడిగారు. ఆ ప్రశ్న చివర, ఏదో గుర్తొచ్చి చేర్చినట్టుగా, ఇంకో నాలుగు వాక్యాలు రాశారు. మొదటి సంవత్సరం బైపీసీలో మంచి మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయి రెండు వారాలుగా చివరి బెంచీకి మారిందని, మెస్‌లో సగం అన్నం వదిలేస్తోందని, ఎంతో శ్రద్ధగా బొమ్మలు వేసుకున్న తన బోటనీ రికార్డునూ రంగు పెన్సిళ్ల పెట్టెనూ పక్క మంచం అమ్మాయికి ఇచ్చేసిందని, బహుశా పరీక్షల ఒత్తిడే అయి ఉంటుందని రాశారు. నేను ఆ నాలుగు వాక్యాలతోనే మొదలుపెడతాను. చెక్‌లిస్టు సంగతి రేపు చూసుకోవచ్చు, ఆ అమ్మాయితో మాత్రం ఇవాళే మాట్లాడాలి.

రికార్డు దగ్గర నేను ఆగిపోయాను. ప్రాక్టికల్స్ ఇంకా జరగలేదని మీరే రాశారు. రికార్డు లేకుండా ప్రాక్టికల్ పరీక్షకు వెళ్లడం ఎంత కష్టమో బైపీసీ చదివే ప్రతి పిల్లకూ తెలుసు. కాబట్టి దాన్ని ఇచ్చేసిన అమ్మాయి మనసులో ఆ పరీక్ష రోజు అసలు ఉందా అన్నది మనం అడగవలసిన ప్రశ్న. ఒత్తిడిలో ఉన్న పిల్లలు సాధారణంగా రికార్డును ఇంకా గట్టిగా పట్టుకుంటారు, నిద్ర మానుకుని పూర్తి చేస్తారు, మీ సంతకం కోసం స్టాఫ్ రూమ్ చుట్టూ తిరుగుతారు. ఇష్టమైన వస్తువులను పంచిపెట్టడం వేరే రకమైన సూచన. నా అనుమానం తప్పు కావచ్చు, అలా తప్పయితే మనకు పోయేది ఒక అరగంట మాత్రమే.

ఆమెను స్టాఫ్ రూమ్‌కు పిలిపించకండి. అటెండర్ క్లాసులోకి వచ్చి పేరు పిలిస్తే అరవై జతల కళ్లు ఆ పిల్ల మీద పడతాయి, ఆపైన ఆమె మీకు నిజం చెప్పదు. సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు, ఏదో పని చెప్పినట్టుగా పక్కకు తీసుకెళ్లి, ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని, మీరు చూసినదాన్ని చూసినట్టుగా చెప్పండి: "రెండు వారాలుగా నువ్వు సరిగ్గా తినడం లేదమ్మా, రికార్డు కూడా ఇచ్చేశావు, నాకు కంగారుగా ఉంది." ఆ తర్వాత మౌనంగా ఉండండి. ఆ మౌనం మీకు ఇబ్బందిగా ఉంటుంది, దాన్ని సలహాలతో నింపాలనిపిస్తుంది, నింపకండి.

ఆమె మాట్లాడినా మాట్లాడకపోయినా, ఆ తర్వాత సూటిగా అడగవలసిన ప్రశ్నలున్నాయి. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2012లో ప్రచురించిన నాలుగు ప్రశ్నలను నేను మన మాటల్లోకి మార్చుకుని వాడుతుంటాను. ఈ మధ్య చచ్చిపోతే బాగుండునని అనిపించిందా? నువ్వు లేకపోతే ఇంట్లో వాళ్లకు నయమని అనిపించిందా? ఈ వారంలో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా? ఇంతకుముందు ఎప్పుడైనా అలాంటి ప్రయత్నం చేశావా? వీటిలో దేనికైనా "అవును" వస్తే ఐదో ప్రశ్న అడగాలి: ఇప్పుడు, ఇక్కడ కూర్చున్నప్పుడు కూడా ఆ ఆలోచన ఉందా? అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని నా దగ్గరకు వచ్చే ప్రతి అధ్యాపకుడూ భయపడతాడు. అది నిజం కాదు. ఈ విషయం మీద జరిగిన పరిశోధనలను 2014లో ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు, అడగడం వల్ల ఆత్మహత్య ఆలోచనలు పెరిగినట్టు ఎక్కడా తేలలేదు. నేను ఆసుపత్రిలో చూసింది కూడా అదే. అడిగిన వెంటనే చాలామంది పిల్లల భుజాలు కిందికి జారతాయి, అంతసేపూ బిగబట్టిన ఊపిరి వదులుతారు.

ఐదో ప్రశ్నకు "అవును" అంటే ఆ పిల్లను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, తల్లిదండ్రులను పిలిపించాలి. మొదటి నాలుగింటిలో దేనికైనా "అవును" వచ్చి, ఇప్పుడు ఆ ఆలోచన లేదన్నా కూడా రెండు మూడు రోజుల్లో మానసిక వైద్యుడు చూసేలా ఏర్పాటు చేయాలి, ఈలోగా ఒకరు ఎప్పుడూ తోడుండాలి. "ఎవరికీ చెప్పనని ఒట్టేయండి మేడమ్" అంటుంది. ఆ ఒట్టు వేయకండి. "నీ ప్రాణానికి సంబంధించిన మాట నా ఒక్కదాని దగ్గరే దాచుకోలేనమ్మా, కానీ ఎవరికి చెప్పినా నీకు ముందు చెప్పే చెబుతాను" అనండి, ఆ మాట నిలబెట్టుకోండి.

ఇక మీరు అడిగిన చెక్‌లిస్టు సంగతి.

మన పత్రికలు ఇలాంటి మరణాలను రాసే తీరు మీకు తెలుసు. తల్లి మందలించిందని, ఫోన్ కొనివ్వలేదని, పరీక్ష తప్పిందని, "మనస్తాపంతో", "క్షణికావేశంలో" అని ఆ వార్త ముగుస్తుంది. చెరువుకు గండి పడిన చోటు చూపించి, చెరువు తెగడానికి ఆ చోటే కారణమని చెప్పినట్టుంటుంది ఇది. నీటిమట్టం ఎన్నాళ్లుగా పెరుగుతూ వచ్చిందో, గట్టు ఎక్కడెక్కడ బలహీనపడిందో ఎవరూ రాయరు. ఆ వయసులో తొందరపాటు లేదని నేను అనడం లేదు. ఆలోచనకూ ప్రయత్నానికీ మధ్య ఉండే వ్యవధి పిల్లల్లో చాలా తక్కువగా ఉంటుంది, పురుగుమందులను, మాత్రలను అందుబాటులో లేకుండా తాళం వేసి ఉంచమని తల్లిదండ్రులకు మేము పదేపదే చెప్పేది అందుకే. కానీ ఆ క్షణం దాకా నడిపించుకొచ్చిన నెలలు కనబడకుండా పోవడానికి "క్షణికావేశం" అన్న ఆ ఒక్క మాటే చాలు.

లెక్కలు చూసినా ఇదే కనిపిస్తుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2021లో దేశంలో 18 ఏళ్లలోపు పిల్లలు 10,732 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాటిలో పరీక్ష తప్పడం కారణంగా నమోదైనవి 864, అంటే నూటికి ఎనిమిది. కుటుంబ సమస్యలు 3,233, ప్రేమ వ్యవహారాలు 1,495, అనారోగ్యం 1,408. పోలీసు రికార్డులో ఒక మరణానికి ఒకే కారణం రాస్తారు కాబట్టి ఈ అంకెలను కూడా జాగ్రత్తగానే చదవాలి. "కుటుంబ సమస్య" అని రాసినచోట మార్కుల గొడవ ఉండవచ్చు, "పరీక్ష" అని రాసినచోట ఎవరూ గుర్తించని కుంగుబాటు ఉండవచ్చు. అయినా ఫలితాల వారంలో మాత్రమే మేలుకుని, మిగిలిన యాభై ఒక్క వారాలూ నిద్రపోయే మన అలవాటు ఎంత తప్పో ఈ అంకెలు చెబుతాయి.

ఫలితాల వారం ప్రమాదకరం కాదని దీని అర్థం కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడిన తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు చనిపోయారు. తెలుగులో సున్నా వచ్చిందన్న అమ్మాయికి, తిరిగి చూస్తే 99 ఉన్నాయని తేలింది ఆ ఏడాదే. తప్పు ఎవరిదైనా, లక్షల మంది ఒకే రోజు ఒకే అవమానాన్ని ఎదుర్కొన్నప్పుడు, అప్పటికే గట్టు బలహీనపడి ఉన్న పిల్లలే ముందు కొట్టుకుపోతారు. ఆ పిల్లలు ఎవరన్నదే మీ ప్రశ్న.

అన్నింటికన్నా బరువైన అంశం ఇంతకుముందు చేసిన ప్రయత్నం. అది చిన్నదైనా, "భయపెట్టడానికే చేసింది" అని ఇంట్లో వాళ్లు కొట్టిపారేసినా, ఆ పిల్లకు మిగిలినవారికన్నా ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. ముఖ్యంగా ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మొదటి వారాల్లో, అందరూ "గండం గడిచింది" అనుకునే సమయంలో, జాగ్రత్త రెట్టింపు కావాలి. తనను తాను గాయపరచుకునే అలవాటు కూడా ఇలాంటిదే. మండు వేసవిలో పొడుగు చేతుల చొక్కా విప్పని పిల్లను ఒకసారి విడిగా పలకరించండి. ఆ తర్వాత కుంగుబాటు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి 7.3 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది, అంటే 60 మంది ఉన్న మీ సెక్షన్‌లో సగటున నలుగురు. ఈ వయసులో కుంగుబాటు ఏడుపుగా కనిపించాలని లేదు, చిరాకుగా, ఎదురు మాట్లాడటంగా, నిద్ర తలకిందులు కావడంగా, తలనొప్పి కడుపునొప్పులుగా కనిపిస్తుంది. అబ్బాయిల విషయంలో దీన్ని "పొగరు" అని పిలిచి శిక్షించడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను.

కుటుంబంలో ఎవరైనా ఆత్మహత్య చేసుకుని ఉండటం, తండ్రి తాగుడు, ఇంట్లో కొట్లాటలు, తల్లిదండ్రుల్లో ఒకరిని కోల్పోవడం, ఆ పిల్లే మద్యానికో గంజాయికో అలవాటు పడటం, కులం పేరుతోనో శరీరం గురించో నిత్యం ఎదురయ్యే హేళన, ఇష్టం లేని పెళ్లి మాటలు, ప్రేమ సంగతి బయటపడి ఫోన్ లాక్కుని చదువు మాన్పించడం, ఇవన్నీ గట్టును తొలిచేవే. లైంగిక వేధింపు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే పిల్లలు అన్నింటికన్నా ఆలస్యంగా చెప్పేది దాని గురించే. అలాంటి సంగతి మీ చెవిన పడితే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం మీ బాధ్యత. పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేస్తే దారి చూపుతారు.

ఒక అబ్బాయి గురించి చెబుతాను. గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. ఎంపీసీ మొదటి సంవత్సరం, ఒక ప్రైవేటు హాస్టల్. కడుపునొప్పి అని రెండు నెలల్లో మూడుసార్లు ఆసుపత్రికి వచ్చాడు, స్కానింగ్‌లో ఏమీ లేదు, గ్యాస్ మాత్రలు ఇచ్చి పంపారు. మూడోసారి ఒక జూనియర్ డాక్టరుకు అనుమానం వచ్చి నా గదికి పంపించారు. తండ్రి బయట బల్ల మీద కూర్చున్నాడు. ఆ పిల్లవాడు చేతిలో ఉన్న ఓపీ చీటీ అంచును గోటితో చిన్న చిన్న ముక్కలుగా గిల్లుతూ, ఆ ముక్కలను జేబులో వేసుకుంటున్నాడు, నా గది నేల మీద పడకుండా. ఆ జాగ్రత్త చూశాక ఆలస్యం చేయకుండా సూటిగా అడిగాను. చాలాసేపటికి ఒక మాట అన్నాడు: "నాన్న ఎకరం అమ్మి ఫీజు కట్టాడు సార్. నేను లేకపోతే ఇంకో ఎకరమైనా మిగులుతుంది." వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గి అతన్ని కింది సెక్షన్‌కు మార్చిన రోజు నుంచి మొదలైంది ఆ కడుపునొప్పి. వార్త అయి ఉంటే దానికి "మార్కులు తగ్గాయని" అనే శీర్షిక పెట్టేవారు. అతన్ని తొలిచేస్తున్నది మార్కులు కావు, తాను ఇంటికి అప్పుగా మారానన్న లెక్క. మానసిక శాస్త్రంలో దీనికి పెద్ద సిద్ధాంతమే ఉంది: తాను అందరికీ భారమన్న భావన, తనకు ఎక్కడా చోటు లేదన్న భావన, ఈ రెండూ కలిసినప్పుడు చావాలన్న కోరిక పుడుతుందని. ఆ అబ్బాయి దాన్ని ఎకరాల్లో చెప్పాడు. తండ్రిని లోపలికి పిలిచి ఆ మాట కొడుకు చేతే చెప్పించాను. ఆయన నేలవైపు చూస్తూ "పొలం మళ్లీ కొనుక్కుంటాం రా" అన్నాడు. చికిత్స ఎనిమిది నెలలు నడిచింది.

మన భాషలో ఒక చిక్కు ఉంది. మనం రోజుకు పదిసార్లు చస్తాం. "ఆకలితో చచ్చిపోతున్నా", "ఈ రికార్డులు రాయలేక చస్తున్నా", "సిగ్గుతో చచ్చాను". కాబట్టి పిల్ల నోట చావు మాట వినగానే ఉలిక్కిపడటం కుదరదు, అలాగని అన్నీ వాడుక మాటలే అని వదిలేయడమూ కుదరదు. నా అనుభవంలో చావు మాట కన్నా, లేకపోవడం గురించిన మాటలు ఎక్కువ ప్రమాదకరం. "అప్పటికి నేనెలాగూ ఉండను కదా." "ఇక మీకు నా గొడవ ఉండదులే." "చెల్లిని బాగా చూసుకోండి." వీటిలో చావు అన్న పదమే లేదు, గొంతులో ఆవేశం కూడా ఉండదు. చాలా రోజులు కలత పడిన పిల్ల, కారణమేమీ లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా మారితే అది కూడా ఊరట పడవలసిన సంగతి కాకపోవచ్చు, నిర్ణయం తీసేసుకోవడం వల్ల వచ్చిన ప్రశాంతత అయి ఉండవచ్చు. ఇక "నాటకాలాడుతోంది", "బెదిరిస్తున్నాడు" అన్న మాటలు స్టాఫ్ రూమ్‌లో వినిపిస్తే దయచేసి అడ్డుపడండి. ప్రాణంతో బెదిరించడం తప్ప తన మాట వినిపించుకునే దారి లేదనుకుంటున్న పిల్ల నిజంగానే ప్రమాదంలో ఉంది.

ఇప్పుడు మీకు నచ్చని సంగతి చెప్పాలి. పైన చెప్పినవన్నీ కాగితం మీద గళ్లుగా గీసి మీ హాస్టల్‌లో టిక్కులు పెడితే, అప్పుల ఇల్లు, తాగే తండ్రి, తగ్గిన మార్కులు కలిపి సగం మంది పేర్లు వస్తాయి, మిగిలిన సగంలో ఎవరికీ ప్రమాదం లేదన్న భరోసా కూడా రాదు. యాభై ఏళ్లలో జరిగిన 365 పరిశోధనలను 2017లో కలిపి చూసినప్పుడు, ఈ అంశాల ఆధారంగా ఫలానా వ్యక్తి ఆత్మహత్య చేసుకుంటాడని ఊహించడం బొమ్మాబొరుసు వేయడం కన్నా పెద్దగా మెరుగు కాదని తేలింది. స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అంటూ మనుషులను గళ్లలో పెట్టి, దాన్ని బట్టి చికిత్స నిర్ణయించవద్దని బ్రిటన్ మార్గదర్శకాలు 2022లో స్పష్టంగానే చెప్పాయి. కాబట్టి ఈ అంశాల జాబితా మీకు ఉపయోగపడేది ఎవరి పక్కన ముందుగా కూర్చోవాలో తెలుసుకోవడానికి మాత్రమే. గుర్తింపు జరిగేది ఆ పిల్ల నిన్నటి వరకు ఎలా ఉండేదో తెలిసిన మనిషి, ఇవాళ్టి తేడాను చూసి, అడిగినప్పుడే. రికార్డు సంగతి మీరు పట్టుకున్నారంటే ఆ అమ్మాయి బొమ్మలు ఎంత శ్రద్ధగా వేసేదో మీకు తెలుసు కాబట్టే, ఏ చెక్‌లిస్టులోనూ బోటనీ రికార్డు అని ఉండదు.

మీరు ఒక్కరే రెండు వందల మందిని ఇలా చూడలేరు, నిజమే. యూరప్‌లోని పది దేశాల్లో 11,110 మంది విద్యార్థులతో చేసి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పిల్లలకే మానసిక ఆరోగ్యం గురించి పాత్రధారణతో, చర్చలతో నేర్పిన బడుల్లో, పోలిక కోసం విడిగా ఉంచిన బడులకన్నా, ఏడాది తర్వాత ఆత్మహత్యాయత్నాలు గణనీయంగా తగ్గాయి; ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన బడుల్లో అంత తేడా కనిపించలేదు. ఆ పెన్సిళ్లు తీసుకున్న పక్క మంచం అమ్మాయికి, "నా స్నేహితురాలు ఇలా ఉంది" అని మీకు చెప్పడం చాడీ కాదని ఎవరైనా నేర్పి ఉంటే, రెండు వారాల ముందే మీకు తెలిసేది.

సంస్థ పరంగా మీరు గట్టిగా అడగడానికి ఇప్పుడు ఆధారం ఉంది. 2023 జూలైలో విశాఖపట్నంలో నీట్ శిక్షణలో ఉన్న 17 ఏళ్ల విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని, వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టవద్దని అందులో ఉంది. ఆ మూడో మాట చదివినప్పుడు నాకు ఓపీ చీటీ గిల్లిన పిల్లవాడే గుర్తొచ్చాడు. తీర్పు ప్రతి ఒకటి తీసి మీ ప్రిన్సిపల్ గారి బల్ల మీద పెట్టండి.

తల్లిదండ్రులు ఆసుపత్రికి రావడానికి వెనుకాడేది రెండు భయాలతో: పోలీసు కేసు, పెళ్లి సంబంధాలు. మొదటిదానికి సమాధానం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి తప్ప శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309 సెక్షన్ లేనే లేదు. రెండోదానికి నా దగ్గర చట్టం లేదు. "గాలి సోకింది, తాయెత్తు కట్టిస్తాం" అంటే నేను వాదించను. కట్టించండి, వచ్చేటప్పుడు దారిలోనే కదా, ఓపీకి కూడా రండి అంటాను, వస్తారు.

ఆసుపత్రి దూరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా, తెలుగులోనే, డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు. పిల్లలే కాదు, ఇవాళ ఆ అమ్మాయితో మాట్లాడే ముందు మీకు కంగారుగా ఉంటే మీరే ఫోన్ చేసి ఎలా మాట్లాడాలో అడగవచ్చు. ప్రాణాపాయం ఉంటే 108. ఈ నంబర్లను నోటీసు బోర్డు మీద పెడితే ఎవరూ నిలబడి చదవరు, చదువుతుంటే ఎవరైనా చూస్తారని భయం. బాత్రూమ్ తలుపుల లోపలివైపు అంటించండి.

ఆ రికార్డును పక్క మంచం అమ్మాయి దగ్గర నుంచి మీరు తీసుకుని మీ దగ్గర ఉంచండి. పిల్లకు వెంటనే తిరిగి ఇచ్చేయకండి, అడిగే రోజు వస్తుంది. ఇవాళ మాట్లాడాక ఏమందో, పేరు, ఊరు లేకుండా, నాకు ప్రైవేటు సందేశంలో రాయండి. రాత్రి పదకొండు వరకు చూస్తూ ఉంటాను, కానీ ఐదో ప్రశ్నకు "అవును" అంటే మాత్రం నా జవాబు కోసం ఆగకండి.